ఆ ఆకుపచ్చని ఏం చేస్తారు?

ఆ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, మొదటిసారి నా కంటపడింది ఫోన్లో, రాత్రి ఒంటిగంట దాటాక. నిద్రపట్టక ట్విట్టర్‌ని వేలితో పైకి తోసుకుంటూ పోతుంటే ఒక బొమ్మ దగ్గర వేలు ఆగిపోయింది. నలుపు, తెలుపు, వాటి మధ్య ఒకే ఒక్క రంగు. మామూలు ఆకుపచ్చ కాదది. మా నాన్న దగ్గర ఒక పాత టేప్‌రికార్డరు ఉండేది. పాట హెచ్చినప్పుడల్లా దాని ముందువైపు చిన్న చిన్న దీపాలు ఎగిరెగిరి పడేవి. లైట్లన్నీ ఆర్పేసిన గదిలో ఆ దీపాల రంగు ఎలా ఉండేదో అలాంటి ఆకుపచ్చ. బొమ్మలో ఒక సీడీల కొట్టు. కొట్లో నల్లబట్టల్లో, ముఖానికి మాస్కుతో ఒక మనిషి. ఎదురుగా ఒక అమ్మాయి, కళ్ళు చేటలంత చేసుకుని.

మర్నాడు ఆఫీసులో ఆవలిస్తూ కూర్చున్నానంటే కారణం అదే.

సుమికో అరాయి గీసిన ఆ కథకి జపనీస్‌లో చాంతాడంత పేరుంది: 'కి నీ నత్తేరు హితో గా ఒతోకో జా నకత్తా'. 'మనసు లాగేస్తున్న ఆ మనిషి అబ్బాయి కాదట' అని చెప్పుకోవచ్చు. అంత పేరు పలికే ఓపిక లేక అభిమానులు 'గ్రీన్ యూరి' అనేస్తారు. కథ పేరుకన్నా, పాత్రల పేర్లకన్నా ముందు రంగే జనం నోటికెక్కిందన్నమాట. ఆయా అనే అమ్మాయి క్లాసులో కలివిడి మనిషి. పాశ్చాత్య రాక్ సంగీతమంటే ప్రాణం, ఆ పిచ్చి పంచుకునే తోడు మాత్రం లేదు. సీడీల కొట్లో కనబడ్డ 'అబ్బాయి' మీద మనసు పారేసుకుంటుంది. ఆ అబ్బాయి నిజానికి క్లాసులో తన పక్కనే కూర్చునే, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మిత్సుకి. కొట్టేమో మిత్సుకి మామయ్యది. లేదా బాబాయిది. జపనీస్‌లో 'ఓజి' అంటే ఏ వైపు చుట్టమో తేలదు, మనకేమో అది తేలకపోతే తోచదు. సరే, ఎవరిదో ఒకరిది. అబ్బాయి అబ్బాయి కాదన్న సంగతి మనకి పేరులోనే తెలిసిపోతుంది, ఆయాకి తెలియదు. కథ ఊపిరి పోసుకునేది ఆ సందులోనే.

ఇలాంటి మాంగాని యానిమే (జపాన్ యానిమేషన్) చేస్తారన్న మాట వచ్చిందంటే చాలు, అభిమానుల్లో రెండు జట్లు బయల్దేరతాయి. ఒక జట్టు 'ఉన్నదున్నట్టు తియ్యాలి, ఆ మూడు రంగులు తప్ప నాలుగోది కనబడితే ఊరుకోం' అంటుంది. రెండో జట్టు 'అవన్నీ పేజీ మీద ముచ్చట్లు, తెరకి అన్ని రంగులూ కావాలి, కథ ముఖ్యం' అంటుంది. నాకు రెండు జట్లతోనూ పేచీ ఉంది. మొదటి జట్టుకి బొమ్మంటే ప్రేమే, కానీ ఆ బొమ్మ అక్కడ ఏం పని చేస్తోందో అడగరు. రెండో జట్టు బొమ్మని కథకి తొడిగిన చొక్కా అనుకుంటుంది. యూరిలో, అందులోనూ ఇలాంటి యూరిలో, చొక్కా విప్పి చూస్తే లోపల మనిషి ఉండదు.

ఎందుకంటున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. యూరి అంటే జపనీస్‌లో లిల్లీ పువ్వు. ఆడవాళ్ళ మధ్య ప్రేమకి ఆ పువ్వు పేరు పెట్టింది 1976లో. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళ కోసం 'బరజోకు' అనే పత్రిక నడిపిన ఇతో బుంగాకు, అందులో ఆడవాళ్ళ కోసం ఒక శీర్షిక పెట్టి వాళ్ళని 'యూరిజోకు' అన్నాడు. పేరు అప్పటిదే గానీ సరుకు పాతది. యోషియా నొబుకో 1916లో మొదలుపెట్టిన 'హనా మొనొగతారి' కథల్లో ఆడపిల్లల స్నేహం ప్రేమ గడప దాకా వచ్చి నిలబడుతుంది. తర్వాతి కాలంలో ఆ కథలకి నకహారా జున్‌ఇచి బొమ్మలు వేశాడు. పెద్ద పెద్ద కళ్ళు, ఎటో చూస్తున్న చూపు. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఈ రకం కథల్లో జరిగేది చాలా తక్కువ. ఎవరు ఎవర్ని చూశారు, ఎంతసేపు చూశారు, అవతలివాళ్ళు తల తిప్పేసరికి చూపు ఎక్కడ దాచుకున్నారు. యూరిలో సంఘటన అంటే అదే. యుద్ధాల మాంగాలో కత్తి ఎంతో, ఇక్కడ కనురెప్ప అంత.

అరాయి వాడిన ఆకుపచ్చ కూడా ఆ చూపులో భాగమే అని నా వాదన. నీడకీ అదే రంగు, గోడకీ అదే, జుట్టు మీద మెరుపుకీ అదే. లోకంలో ఉండాల్సిన రంగులన్నీ తీసేసి ఒక్కదాన్నే ఉంచితే చదివేవాళ్ళ కంటికి వెతుక్కునే పని తప్పుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సిటీ బస్సెక్కితే బయటి గోలంతా ఆ పాట రంగులోకి మారిపోతుంది చూడండి, హారన్లు కొట్టే ఆటోలు కూడా పాటకి తగ్గట్టే కదులుతున్నట్టుంటాయి. ఈ ఆకుపచ్చ అలాంటిది. ఆయాకి లోకం ఎలా వినబడుతోందో అది మన కంటికి కనబడుతోంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మాంగా పుట్టిందే తెర మీద. 2022లో ట్విట్టర్‌లో మొదలైంది, పుస్తకం తర్వాత వచ్చింది. ఒక పోస్టులో నాలుగు బొమ్మలు పడతాయి కాబట్టి నాలుగేసి పేజీల ముక్కలుగా నడిచింది. ఫోను మీద ఆకుపచ్చ అంటే వెలుగు, పుస్తకంలో అదే సిరా. అందుకని మాంగాల గురించి మామూలుగా అనే 'కాగితం నుంచి తెరకి' అన్న మాట దీనికి అతకదు. కదలని వెలుగు నుంచి కదిలే వెలుగుకి అనాలి.

కదిలే వెలుగుతో తిరకాసు ఏమిటంటే కన్ను దానికి అలవాటుపడిపోతుంది. నాలుగు పేజీలు చదివి ఫోను పక్కన పెట్టేస్తాం, మళ్ళీ ముక్క వచ్చేసరికి ఆకుపచ్చ మళ్ళీ కొత్తగా కొడుతుంది. అదే ఆకుపచ్చని ఆపకుండా ఇరవై నాలుగు నిమిషాలు చూపిస్తే? పదో నిమిషానికే కనబడ్డం మానేస్తుంది, పాత ఫోటో స్టూడియో చీకటిగదిలో ఎర్రబల్బు కింద కాసేపు నిలబడితే ఎరుపు తెలియనట్టు. మొదటి జట్టు వాళ్ళు కోరేది వాళ్ళకి దక్కిన మర్నిమిషం నుంచే మాయమైపోతుంది. దీన్ని వాళ్ళకి ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియలేదు.

పోనీ అన్ని రంగులూ వేసేద్దామా? 1957 నాటి 'మాయాబజార్'కి 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. అమ్మకి తెగ నచ్చింది, నగలు మెరుస్తున్నాయంది. నాకూ బాగానే ఉంది, కానీ 'లాహిరి లాహిరి' దగ్గరికొచ్చేసరికి ఏదో జారిపోయినట్టనిపించింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ వెన్నెలని నలుపుకీ తెలుపుకీ మధ్యనున్న బూడిదరంగు మెట్లతో కట్టాడు. ఏ నీడ ఎంత చిక్కన ఉండాలన్న లెక్క మొత్తం ఆ మెట్ల లెక్క. రంగులద్దినవాళ్ళ కష్టాన్ని తక్కువ చెయ్యను గానీ, వాళ్ళు మెట్లు ఉండగానే వాటి మీద తివాచీ పరిచారు. మాంగాని యానిమే చేసే ప్రతిసారీ ఇదే జరుగుతుంది. నలుపు తెలుపు పేజీలో జుట్టు ఏ రంగో, యూనిఫారం ఏ రంగో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. యానిమేలో దీనికి ప్రత్యేకంగా రంగుల నిర్ణేత ఉంటారు, పొద్దుటి వెలుగుకి ఒక పట్టీ, సాయంత్రానికి ఇంకో పట్టీ, వానకి వేరే పట్టీ తయారు చేస్తారు. మామూలు మాంగాకి ఆ పని ఖాళీలు పూరించడమే. ఇక్కడ ఖాళీల్లేవు. అరాయి అప్పటికే నిర్ణయించేసింది, వద్దనుకున్న రంగులన్నిటితో సహా.

మిత్సుకి ఒంటి మీది నలుపు సంగతి చూడండి. పేజీ మీద అది ముద్దలా పరుచుకున్న సిరా, చొక్కా మడతలు కూడా లెక్కచేయని నలుపు. అందుకే ఆమె ఒక మనిషిలా కాక ముందు ఒక ఆకారంలా కనబడుతుంది. ఆయా ప్రేమించింది కూడా ముందు ఆ ఆకారాన్నే. తెర మీద అంత చిక్కటి నలుపు వేస్తే చెయ్యి ఎక్కడ ఆగి ఒళ్ళు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. కదలిక కనబడాలంటే నలుపులో ఇంకో ఛాయ కలపాలి, అంచుకి ఒక మెరుపు గీయాలి. కలిపిన మరుక్షణం ఆకారం కాస్తా బట్టలేసుకున్న అమ్మాయి అయిపోతుంది. ఆయా కన్నా ముందే మన కన్ను గుట్టు విప్పేస్తుంది.

మా చిన్నాన్న కొడుకు హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు వాడికి ఈ పేజీలు చూపించాను. అరిసె నములుతూ రెండు నిమిషాలు చూసి, "గీత భలే ఉందక్కా" అన్నాడు. నేను మురిసిపోయేలోపే, "అంటే చచ్చేచావే" అన్నాడు.

"అదేంట్రా?"

"నీకు ఒక బొమ్మ నచ్చింది. ఆ బొమ్మని ఆవిడ ఒక్కతే గీసింది. మాకేమో ముప్పైమంది గీసినా ఒక్కరు గీసినట్టే ఉండాలి. అలా ఉండాలంటే గీతలో ఆవిడని తీసెయ్యాలి."

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. సినిమా కదిలేది సెకనుకి 24 ఫ్రేములతో. జపాన్‌లో టీవీకి ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములకో మూడు ఫ్రేములకో నిలబెడతారు, 1963లో 'ఆస్ట్రో బాయ్' టీవీకెక్కినప్పటినుంచి ఆ పొదుపు అలవాటు. అంత పొదుపు చేసినా ఒక ఎపిసోడుకి బొమ్మలు వేలల్లోనే. ముఖ్యమైన భంగిమలు ఒకరు గీస్తారు, మధ్య బొమ్మలు వేరేవాళ్ళు, రంగులు ఇంకొకళ్ళు, నేపథ్యాలు మరో బృందం, అన్నిటినీ కలిపి వెలుగునీడలు సరిచేసేది మరొకరు. వీళ్ళందరి ముందూ ఒక నమూనా కాగితం ఉంటుంది. పాత్ర ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి ఎలా ఉంటుందో చూపించే ఆ కాగితంలో గీతలు వీలైనంత తక్కువ, వీలైనంత ఒకే మందం. అరాయి గీత లావై సన్నబడి, ఒక్కోచోట తెగిపోయి, వేళ్ళ దగ్గర పొడుగ్గా సాగేది. ఆ వంకర్లన్నీ ఆ కాగితం దగ్గరే ఇస్త్రీ అయిపోతాయి. ఎవరూ కావాలని చెయ్యరు. పద్ధతే అది.

దాటినవాళ్ళు లేకపోలేదు. 2024లో వచ్చిన 'లుక్ బ్యాక్' సినిమాలో కియోతకా ఒషియామా ముఖ్యమైన బొమ్మల్లోని గరుకు గీతల్ని శుభ్రం చెయ్యకుండా తెర మీద ఉంచేశాడు. బొమ్మలు గీసే ఇద్దరు అమ్మాయిల కథ కాబట్టి గీసిన చెయ్యి కనబడ్డం దానికి ప్రాణం. కానీ అది గంటలోపు సినిమా, దర్శకుడే బొమ్మల్లో సింహభాగం భుజాన వేసుకున్నాడు. వారం వారం టీవీలో రావాల్సిన పన్నెండు ఎపిసోడ్లకి ఆ భుజాలు ఎక్కణ్ణుంచి తెస్తారు? 2014లో మసాకీ యుఆసా తీసిన 'పింగ్ పాంగ్' ఇంకో దారి పట్టింది. మాంగా గళ్ళలాగే తెరని కూడా గళ్ళుగా చీల్చి, ఒకేసారి బ్యాటు, కన్ను, చెమట చూపించాడు. ఆ మాంగా గీసిన తాయో మత్సుమోతో వంకరగీతలు సరిగ్గా దిగినా దిగకపోయినా పేజీలో ఉన్న వేగం దిగింది. మా తమ్ముడికి ఆ సీరీస్ నచ్చదు, ముఖాలు బాగోవంటాడు. బంధుత్వం కాబట్టి సహిస్తున్నాను.

యూరి విషయంలో నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మాత్రం ముప్పై ఏళ్ళ పైబడిన పాతది. రియోకో ఇకెడా 1974లో 'మార్గరెట్' పత్రికలో గీసిన 'ఒనీసామా ఎ', అంటే 'అన్నయ్యకి', బడిలో ఆడపిల్లల మధ్య ఆరాధనలూ అసూయలూ ఉన్న కథ. ఆ కాలపు షోజో మాంగా (ఆడపిల్లల కోసం గీసేది) పేజీ ఎలా ఉండేదంటే గళ్ళ గీతలు తెగిపోయి, పూలు రాలిపోతూ, ఒక్క కంట్లోనే నాలుగు నక్షత్రాలు మెరుస్తూ. పేజీ మీద అది అందం. కదిలిస్తే నవ్వులాట. 1991లో ఒసాము దెజాకి దాన్ని 39 ఎపిసోడ్ల యానిమేగా తీసినప్పుడు ఆ పూలన్నిటినీ కదిలించబోలేదు. భావం పతాకస్థాయికి చేరినచోట కదలికనే ఆపేశాడు. అప్పటిదాకా నడుస్తున్న బొమ్మ ఉన్నట్టుండి కుంచెతో వేసిన చిత్తరువుగా మారి నిలిచిపోతుంది. దానికి పోస్టుకార్డు జ్ఞాపకం అన్న పేరు నిలిచిపోయింది. పేజీలో పెద్ద గడి చేసే పని అదేగా? చదువుతున్నవాళ్ళని కాసేపు అక్కడే కూర్చోబెట్టడం. పేజీ మీద ఎంతసేపు చూడాలన్నది మన చేతిలో ఉంటుంది, తెర మీద దర్శకుడి చేతిలో. దెజాకి ఆ అధికారాన్ని తన దగ్గరే ఉంచుకుని, సమయాన్ని మాత్రం మనకి తిరిగి ఇచ్చాడు.

'యగతే కిమి నీ నరు', ఇంగ్లీషులో 'బ్లూమ్ ఇంటు యు' అనేది, ఇంకాస్త మృదువైన ఉదాహరణ. నియో నకతాని గీత చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, విశేషమంతా కూర్పులో. రైలు గేటు దగ్గర ముద్దు గుర్తుందా? రైలు వెళ్తున్నంతసేపూ లోకం అటువైపు, వీళ్ళిద్దరూ ఇటువైపు. 2018లో మకోతో కతో దర్శకత్వంలో వచ్చిన 13 ఎపిసోడ్లలో నాకు బాగా మిగిలింది నదిలో అడుగురాళ్ళ మీద నిలబడి మాట్లాడుకునే సన్నివేశం. ఇద్దరి మధ్యనున్న ఖాళీయే సంభాషణ. ఒక అడుగు ముందుకేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ ఖాళీని చూపించడానికి పేజీకి ఒక తెల్లటి జాగా చాలు. తెరకి నీళ్ళ చప్పుడు, గాలి, ఎండ, అన్నీ ఉండాలి, ఉండి కూడా ఖాళీగా అనిపించాలి. అది చేసి చూపించారు.

కచ్చితంగా యూరి అనలేం గానీ, యూరి చదివేవాళ్ళు ఎందరో మనసిచ్చిన 'హోసెకి నో కుని' సంగతి కూడా చెప్పుకోవాలి. అందులో పాత్రలు రత్నాలు, ఆడా మగా తేడా లేదు. దాన్ని గీసిన హరుకో ఇచికావా పేజీలో సగం ఖాళీయే, సన్నటి గీతలు, పెద్ద పెద్ద నల్లటి మరకలు. ఆ గీతని కాపాడాలని ప్రయత్నిస్తే ఏమయ్యేదో గానీ, 2017లో ఆరెంజ్ స్టూడియో ఆ ఊసే ఎత్తకుండా పాత్రల్ని త్రీడీలో చేసింది. జుట్టు నిజంగా రాయిలా వెలుగుని లోపలికి పీల్చుకుని బయటికి విసురుతుంది. గీత మొత్తం పోయింది. ఈ మనుషులు పగలగలరు అన్న భయం మాత్రం రెట్టింపైంది. కథకి కావలసింది ఆ భయమే.

ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు బాపు గుర్తొస్తాడు. తెలుగులో ఇంతకన్నా విలక్షణమైన గీత ఇంకొకటి లేదు, ఆయన గీతకి మన భాషలో ఒక పోలికే ఉంది, అందమైన అమ్మాయిని బాపు బొమ్మ అంటాం. అలాంటి మనిషి సినిమాలు తీశాడు. 'ముత్యాలముగ్గు'లో బాపు గీత ఉందా? లేదు, ఉండడానికి వీల్లేదు, తెర మీద ఉన్నవాళ్ళు మనుషులు. కానీ ఏ ఫ్రేము ఆపినా బాపుదని తెలిసిపోతుంది. జడ ఎక్కడ పడాలి, కళ్ళు ఎంత దగ్గరగా చూడాలి, మనిషి చుట్టూ ఎంత జాగా వదలాలి. గీత కాగితం దగ్గరే ఆగిపోయింది, చూపు నడిచివచ్చింది. తన బొమ్మని తానే తెరకెక్కించినవాడికే గీత కూడా రాలేదంటే, పరాయివాళ్ళు అరాయి గీతని మోసుకు రాలేదని గోల చెయ్యడంలో అర్థం లేదు. చూపుని తెచ్చారా లేదా అని గోల చేద్దాం, అప్పుడు నేనూ వస్తాను.

బొమ్మ గురించి ఇంత మాట్లాడుకున్నాక కూడా, ఈ కథని యానిమే చెయ్యడంలో అసలు గండం బొమ్మ కాదేమో అనిపిస్తుంది. గొంతు. మాంగాలో మిత్సుకికి గొంతు లేదు. స్కూల్లో వినబడీ వినబడనట్టు మాట్లాడే అమ్మాయి, కొట్లో రెండు ముక్కల్లో జవాబిచ్చే 'అబ్బాయి', రెండు గొంతుల్నీ మనమే తయారు చేసుకుంటాం, పోల్చిచూసే పని పడదు. యానిమేలో ఒకే నటి రెంటికీ గొంతివ్వాలి. ఒకేలా ఉంటే పక్కనే కూర్చునే ఆయా గుర్తుపట్టలేదంటే మనం నమ్మం. మరీ వేరుగా ఉంటే మిత్సుకి నాటకమాడుతున్నట్టవుతుంది, మోసం చేస్తున్నట్టవుతుంది. కథలో ఆమె మోసం చెయ్యడం లేదు, కాదని చెప్పే ధైర్యం చాలడం లేదంతే. బుగ్గన పుట్టుమచ్చ అంటిస్తే సొంత తమ్ముడు కూడా గుర్తుపట్టని సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళం, మనకి నమ్మే అలవాటు కాస్త ఎక్కువే. అయినా మనం కూడా గొంతు దగ్గర ఆగిపోతాం.

గొంతు తర్వాత పాట. ఆయా, మిత్సుకి దగ్గరయ్యేది నిజంగా ఉన్న బ్యాండ్ల పాటల ద్వారా. పేజీ మీద బ్యాండు పేరు రాస్తే చాలు, తెలిసినవాళ్ళ తలలో పాట మోగుతుంది, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. తెర మీద మోగించాలంటే పాట రాసినవాళ్ళ హక్కు ఒకటి, ఆ రికార్డింగు హక్కు ఇంకొకటి, తరచూ రెండూ వేర్వేరు చేతుల్లో. పైగా అది జపాన్ టీవీలో వేసి ఊరుకునే సరుకు కాదు, ప్రపంచమంతా స్ట్రీమింగులో వెళ్ళాలి. ఖర్చుకి భయపడి కొత్త పాటలు కట్టించేస్తారా? 2022 నాటి యానిమే 'బొచ్చి ద రాక్!'లో కొత్త పాటలు అద్భుతంగా అతికాయి, ఎందుకంటే అవి కథలోని బ్యాండు కట్టే పాటలు. ఇక్కడ పాత్రలు పాట కట్టడం గురించి కాదు నా బెంగ, వినడం గురించి. 'నువ్వూ ఈ పాట వింటావా!' అన్న ఆశ్చర్యంలో మనకీ వాటా ఉంది, ఆ పాట మనమూ విన్నాం కాబట్టి. దాని స్థానంలో ఎవరూ వినని పాట పెడితే వాళ్ళిద్దరూ ముచ్చటపడుతుంటే మనం కిటికీ బయట నిలబడి చూసినట్టుంటుంది. ఆకుపచ్చ పోయినా ఓర్చుకుంటానేమో గానీ ఇది పోతే ఓర్చుకోలేను.

నాలుగు పేజీల ముక్కల్ని అతికించి ఇరవై నాలుగు నిమిషాలు చెయ్యడం కూడా ఉంది. ఒక్కో ముక్క చివర చిన్న మెరుపు ఉండి, తర్వాతి ముక్క దాకా మనల్ని ఊరించేది. అన్నీ వరసగా కుట్టేస్తే రెండు నిమిషాలకో మెరుపు, దీపావళి రాత్రి చిచ్చుబుడ్ల వరసలాగా. డబ్బు, సమయం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. 'బ్లూమ్ ఇంటు యు' యానిమే, కథంతా ఎదురుచూసిన నాటకం రాకముందే ఆగిపోయింది, మాంగా ఆ మరుసటి ఏడు 2019లో ఎనిమిదో సంపుటితో ముగిసింది, రెండో భాగం కోసం ఎదురుచూసి చూసి మాకు జుట్టు నెరుస్తోంది. 2024 ఏప్రిల్‌లో మొదలైన యూరి యానిమే 'ససయకు యో నీ కోయ్ ఒ ఉతౌ'కి చివరి రెండు ఎపిసోడ్లు డిసెంబరు దాకా రాలేదు. అది కూడా పాటలు పాడే అమ్మాయిల కథే, చూడముచ్చటైన బొమ్మలే, గీతలో ఇన్ని తిరకాసులున్నవేమీ కాదు. దానికే అంత అయితే మూడు రంగులతో సాము చేసేదానికి ఎంత సమయం ఇస్తారో చూడాలి.

నన్నే తియ్యమంటే (ఎవరూ అనరు, తెలుసు) రంగుని చోటుకి కట్టను, చూపుకి కడతాను. క్లాసులో మామూలు రంగులే, కాస్త వెలిసినవి, ఎండలో ఆరేసి మర్చిపోయిన బట్టల్లా. ఆయా చూపు మిత్సుకి మీద నిలిచినకొద్దీ ఒక్కో రంగూ తప్పుకుంటూ పోవాలి. ముందు ఎరుపు, తర్వాత నీలం. ఆయాకి తెలియకుండానే. క్లాసులో, తన పక్కనున్నది ఎవరో ఇంకా తెలియనప్పుడు కూడా, ఒక్కసారి అలా ఆకుపచ్చ తొంగిచూసి వెళ్ళిపోవాలి. ఆమె కన్నుకి తెలిసింది ఆమెకింకా తెలియదని మనకి తెలియాలి. ఆ పని పేజీ చెయ్యలేదు, పేజీ అంతా ముందునుంచీ ఆకుపచ్చే కాబట్టి. తెరకి మాత్రమే చేతనైన పని అది.

ఇదంతా ఫోన్లో మా తమ్ముడికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "మరీ తెలివిగా ఉందక్కా, మూడో ఎపిసోడుకి జనం కనిపెట్టేస్తారు, నాలుగోదానికి విసుగొస్తుంది" అన్నాడు. సరే, మొదటి సన్నివేశం వరకు చెప్పరా అన్నాను. ఆయా కొట్టు తలుపు తోస్తుంది. ముందు రంగు మారాలా, పాట వినబడాలా?

"పాట" అన్నాడు, క్షణం ఆలోచించకుండా. "తలుపు తీయకముందే వినబడుతుంది కదా."

ఆ తర్వాత పేజీ మళ్ళీ తీసి చూశాను. అందులో తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అని వెతుకుతూ చాలాసేపు కూర్చున్నాను. ఆఫీసుకి మళ్ళీ ఆలస్యమైంది.